ప్రశ్నకూ జవాబుకూ మధ్య: బాఖ్ మత్తయి శ్రమలగానమును నిర్దేశకుడు చదివే తీరుపై ఒక విమర్శ

పెద్ద గానబృందమును నడిపించేవాని పని చేతులు ఊపి తాళము చూపించడమేనని మన సంఘాలలో చాలామంది అనుకుంటారు. ఆరాధనలో అందరికీ కనబడేది అదే గనుక ఆ అభిప్రాయములో ఆశ్చర్యము లేదు. అయితే ఆ చేతులు పైకి లేవడానికి ముందు, కొన్ని నెలలపాటు బల్లమీద స్కోరు పరచుకొని ఆయన ఒంటరిగా చేసే పని ఒకటి ఉంది. ఆ పని ఎటువంటిది? అది కేవలము సంగీత సాంకేతికమైన పనియా? లేక ప్రసంగీకుడు వాక్యభాగమును ఎదుట పెట్టుకొని చేసే వ్యాఖ్యానపు పనికి దగ్గర చుట్టమా? రెండవదే సరియని ఈ వ్యాసములో మేము వాదించదలచాము. ఇంగ్లీషులో ఆయనను కండక్టర్ అంటారు. ఆ మాట వినగానే మనకు బస్సు జ్ఞాపకము వస్తుంది గనుక ఇక్కడ నిర్దేశకుడు అనే మాట వాడుతున్నాము.

నిదర్శనముగా యోహాన్ సెబాస్టియన్ బాఖ్ (1685–1750) మత్తయి సువార్త 26, 27 అధ్యాయాలకు కూర్చిన శ్రమలగానమును తీసుకుంటున్నాము. బరోక్ యుగపు బృందగాన కృతులలో ఇంతకంటే ప్రసిద్ధమైనవి ఉండవచ్చు. హాండెల్ ‘మెస్సయ్య’లోని హల్లెలూయ కోరస్ ఎరుగని క్వయర్ మన పట్టణ సంఘాలలో అరుదు. కానీ నిర్దేశకుని మొదటి తీర్పులే వేదాంతపు తీర్పులుగా మారిపోయే కృతి ఇదే. ఇందులో పాత్రలు ఎన్నో, స్వరాలు ఎన్నో. ప్రతి చోటా నిర్దేశకుడు అడగవలసిన మొదటి ప్రశ్న “ఎంత వేగము?” అన్నది కాదు. “ఇక్కడ మాట్లాడుతున్నది ఎవరు?” అన్నదే. దాని వెనుక మరొక ప్రశ్న దాగి ఉంది: ప్రభువును సిలువకు అప్పగించినది ఎవరు? ఈ రెండవ ప్రశ్నకు తప్పు జవాబు చెప్పినందువలన క్రైస్తవ చరిత్రలో ఎంత రక్తము చిందిందో పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ప్రతులు

ఈ కృతి 1727 ఏప్రిల్ 11న, శుభ శుక్రవారమున, లైప్జిగ్ నగరములోని సెయింట్ థామస్ ఆలయములో మొదటిసారి పాడబడిందని పండితులు నేడు అంగీకరిస్తున్నారు. బాఖ్ దానిని సవరించి 1736లో మరల పాడించాడు. ఆ సంవత్సరము నాటి ఆయన స్వహస్త స్కోరు నేడు బెర్లిన్ రాష్ట్ర గ్రంథాలయములో ఉంది. ఎంతో శ్రద్ధతో రాసిన శుద్ధప్రతి అది. సువార్త మాటలను ఆయన ఎర్ర సిరాతోనూ తక్కిన కవిత్వమును నల్ల సిరాతోనూ రాశాడు. తరువాత పుటల అంచులు చెడిపోగా కాగితపు ముక్కలు అతికించి, పోయిన స్వరాలను తన చేతితోనే మరల పూరించాడు. తన రచనలలో దీనిని ఆయన ఎలా ఎంచాడో ఆ అతుకులే చెబుతాయి.

నిర్దేశకుడు మొట్టమొదట తేల్చుకోవలసినది ఏ ప్రతిని చదవాలన్నదే. ఆల్ఫ్రెడ్ డ్యూర్ సంపాదకత్వములో 1970వ దశకములో వెలువడిన పరిష్కృత ముద్రణ నేటికీ ప్రామాణికముగా నిలిచి ఉంది. ఆ కృతిని 68 సంఖ్యలుగా విభజించినది ఆ ముద్రణే. పాత లెక్కలో అవి 78. అంతటితో పని ముగిసిందని అనుకునే నిర్దేశకులు ఉన్నారు. ఇక్కడ మా మొదటి అభ్యంతరము. స్కోరు ఒక్కటే సాక్షి కాదు. గాయకులూ వాద్యకారులూ చేతపట్టుకొని పాడిన విడి కాగితాలు, అంటే పార్టులు కూడ చాలావరకు మిగిలి ఉన్నాయి. ఆ రెండు సాక్ష్యాలు అన్ని చోట్లా ఏకీభవించవు.

ఒక ఉదాహరణ. సువార్తికుడు కథ చెప్పేటప్పుడు అడుగున ఆర్గన్, చెల్లో మొదలైన ఆధారవాద్యాలు మ్రోగుతాయి. స్కోరులో ఆ మంద్రస్వరాలు బారు వెంబడి బారు సాగే దీర్ఘస్వరాలుగా రాయబడి ఉన్నాయి. పార్టులలోనైతే అవే స్వరాలు చిన్నవిగా, వెంటనే నిశ్శబ్దము వచ్చేటట్లు రాయబడి ఉన్నాయి. స్కోరు మాత్రమే చూచినవాడు కథనమంతటి కింద ఆగకుండా ఆర్గన్ మ్రోగిస్తాడు. పార్టులు చూచినవాడు ఒక్క తాకుడుతో వదిలి, సువార్తికుని మాటను నిశ్శబ్దములో నిలబెడతాడు. ప్రభువు మాట్లాడేటప్పుడు పరిస్థితి వేరు. ఆయన మాటల చుట్టూ తంత్రీవాద్యాలు కాంతివలయమువలె దీర్ఘముగా మ్రోగుతాయి. సువార్తికుని కింద మౌనము ఉంటేనే ఆ కాంతి కనబడుతుంది. అన్నిటి కింద ఒకే రకమైన నాదము పరచినప్పుడు కాంతివలయము గోడకు వేసిన సున్నమైపోతుంది. ఇక సిలువమీద ప్రభువు తాను విడిచిపెట్టబడ్డానని కేక వేసినప్పుడు ఆ తంత్రులు లేవు. ఆ ఒక్క చోట ఆయన గొంతు తక్కిన మనుష్యుల గొంతువలె ఒంటరిగా ఉంది. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక రెండవ అధ్యాయముపై ఎన్నో వ్యాఖ్యానాలు చదివినవారికి కూడ ఈ కొద్ది బార్లు కొత్త సంగతి చెబుతాయి. కానీ దానికి ముందు మూడు గంటలపాటు నిర్దేశకుడు ఆ తేడాను కాపాడి ఉండాలి.

ఎవరి నోట ఎవరి మాట

పార్టులలో ఇంతకంటే గొప్ప సాక్ష్యము మరొకటి ఉంది.

ఈ కృతికి రెండు గానబృందాలు, రెండు వాద్యబృందాలు. నేటి కచేరీలో మనము చూచేది ఇది: సువార్తికుడు, యేసు, నలుగురు ఏకగాయకులు ముందు వరుసలో కుర్చీలలో కూర్చుంటారు. బృందము వెనుక నిలబడుతుంది. బృందము ఆయనను సిలువ వేయుమని అరుస్తున్నంతసేపూ యేసు మాటలు పాడే గాయకుడు చేతులు కట్టుకొని మౌనముగా కూర్చుంటాడు. కనుక అరిచేది వారు, బాధపడేది ఈయన. కళ్లకు కనబడే ఈ ఏర్పాటే ఒక వ్యాఖ్యానము.

బాఖ్ తయారుచేయించిన పార్టులలో ఈ విభజన లేదు. మొదటి బృందపు టెనర్ కాగితములో సువార్తికుని మాటలు ఉన్నాయి, ఆరియాలు ఉన్నాయి, బృందగానాలూ ఉన్నాయి. మొదటి బృందపు బాస్ కాగితములో యేసు మాటలు ఉన్నాయి, బృందగానాలూ ఉన్నాయి. అంటే ప్రభువు మాటలు పాడిన గొంతే కొద్ది నిమిషాల తరువాత ఆయనను సిలువ వేయుమని అరిచిన గుంపులో ఉంది. ఆ తరువాత కోరల్ అనబడే సంఘకీర్తనలో పశ్చాత్తాపపడినదీ ఆ గొంతే. 1981లో జాషువా రిఫ్కిన్ బాఖ్ బృందములో ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్క గాయకుడే ఉండేవాడని వాదించిన నాటినుండి గాయకుల సంఖ్యపై పెద్ద చర్చ జరుగుతూ ఉంది. 1730లో నగరసభకు సమర్పించిన విజ్ఞాపనలో ఒక్కొక్క బృందానికి కనీసము 12 మంది, వీలైతే 16 మంది కావాలని బాఖే కోరాడు కదా అని ప్రతివాదులు అంటారు. ఈ లెక్కల తగవులో మేము తీర్పరులము కాము. ఏ పక్షము నెగ్గినా ఆ బాస్ కాగితము మాత్రము అలాగే ఉంటుంది. యేసు పాత్రధారి గుంపులోనూ పాడాడు. నేటి నిర్దేశకుడు ఈ సంగతిని చరిత్ర పుస్తకములోని వింతగా పక్కన పెట్టడము సరికాదు. తన గాయకులు ఎక్కడ నిలబడాలి, ఎవరు ఎప్పుడు పాడాలి అన్నది నిర్ణయించేటప్పుడు దానిని బల్లమీద ఉంచుకోవాలి.

పాఠమును సంగీతము లేకుండా ముందు చదవడము ఆ తరువాతి పని. ఇందులో మూడు పొరలు ఉన్నాయి: లూథర్ అనువదించిన సువార్త, పికాండర్ అనే కలము పేరుగల క్రిస్టియన్ ఫ్రీడ్రిక్ హెన్రికీ రాసిన ధ్యానకవిత్వము, సంఘము అప్పటికే ఎరిగిన కోరల్ చరణాలు. పికాండర్ కవిత్వములో చాలా భావాలు హైన్రిక్ మ్యూలర్ అనే లూథరన్ ప్రసంగీకుని శ్రమలకాలపు ప్రసంగాలనుండి వచ్చినవని పరిశోధకులు చూపించారు. బాఖ్ స్వయముగా కూర్చొని దైవశాస్త్రము చదివినవాడు. వ్యాఖ్యాన సహితమైన కాలోవ్ బైబిలు మూడు సంపుటములు ఆయన సంతకముతో, 1733 సంవత్సరముతో సెయింట్ లూయిస్ నగరములోని కాంకార్డియా సెమినరీలో భద్రముగా ఉన్నాయి. రెండవ దినవృత్తాంతములు అయిదవ అధ్యాయము పక్కన, భక్తితో చేసే సంగీతములో దేవుడు తన కృపతో సన్నిధియై ఉంటాడన్న అర్థమిచ్చే మాట ఆయన రాసుకున్నాడు. కాబట్టి పాఠముకంటే సంగీతము వేరనే నిర్దేశకుడు బాఖ్ పక్షమున మాట్లాడుతున్నానని చెప్పుకోలేడు.

జర్మన్ రాని మనవారికి ఒక్క మాట. ఆ భాషలో ఉపవాక్యములలో సాధారణముగా క్రియ చివరికి వస్తుంది, తెలుగులోవలెనే. మాట దేనివైపు పోతున్నదో చివరిదాకా తెలియదు. ఇంగ్లీషు అనువాదము పక్కన పెట్టుకొని పదానికి పదము రాసుకునేవానికి ఈ బిగి అందదు. తెలుగు చదువరికి అది చెవికి అలవాటైన బిగి.

అతుకులు

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాము. చాలామంది నిర్దేశకులు ఈ స్కోరును సంఖ్యలవారీగా సిద్ధపరుస్తారు. సోమవారము కోరల్‌లు, బుధవారము గుంపు పాడే చిన్న బృందగానాలు, ఏకగాయకులతో వేరుగా ఆరియాలు. అభ్యాసానికి ఆ పద్ధతి తప్పదు. కానీ చదివేటప్పుడు కూడ అలాగే చదివితే ఒక సంఖ్య ముగిసి మరొకటి ఆరంభమయ్యే అతుకులు చదవకుండానే మిగిలిపోతాయి. ఈ కృతిలోని వ్యాఖ్యానమంతా ఆ అతుకులలోనే ఉందని మా అభిప్రాయము.

కడరా భోజనపు బల్ల దగ్గర చూడండి. తనను ఒకడు అప్పగిస్తాడని ప్రభువు చెప్పగా శిష్యులు కలవరపడి ఒక్కొక్కరూ తామేనా అని అడుగుతారు. బాఖ్ ఈ ప్రశ్నను మొదటి బృందానికి మాత్రమే ఇచ్చాడు. ప్రభువును సంబోధిస్తూ ఆ ప్రశ్న పదకొండు సార్లు వస్తుంది. పన్నెండవవాడు యూదా, అతని వంతు తరువాత వస్తుంది. సువార్తలోనైతే ప్రశ్న వెంటనే ప్రభువు జవాబు ఉంది. బాఖ్ ఆ జవాబును ఆపి, మధ్యలో పౌల్ గెర్హార్ట్ రాసిన ఒక కోరల్ చరణమును నిలబెట్టాడు. అందులో పాడేవాడు ఆ దోషి తానేనని, ఆ శిక్ష తనకే తగినదని ఒప్పుకుంటాడు. అడిగినది ఒక బృందము, ఒప్పుకున్నవి రెండు బృందాలూ.

ఇక్కడ నిర్దేశకుని చేతిలో ఉన్నది ఎంత? బహుశా రెండు క్షణాలు. ప్రశ్న ముగిసిన తరువాత ఆయన చేతులు దించి, గాయకులు పుట తిప్పుకొని, బృందమంతా సర్దుకొని అప్పుడు కోరల్ మొదలైతే, అది కథకు నడుమ వచ్చిన చక్కని కీర్తనగా వినబడుతుంది. ప్రశ్న గాలిలో ఉండగానే కోరల్ ప్రవేశిస్తే అది జవాబు. ఈ తేడా ఏ స్కోరులోనూ గుర్తుగా రాయబడి లేదు. పుట తిప్పే చోటును కూడ ముందే చూచుకొని, గాయకులు ఆ చరణమును కంఠతా నేర్చుకొనునట్లు చేసిన నిర్దేశకునికే అది సాధ్యము. చిల్లర ఏర్పాటుగా కనబడే ఈ పని వాస్తవానికి ప్రసంగమంత బరువుగలది.

గాయములతో నిండిన ప్రభువు శిరస్సును ఉద్దేశించి పాడే కోరల్ రాగము ఈ కృతిలో అయిదుసార్లు వస్తుంది. మొదటిసారి నాలుగు షార్ప్‌ల శ్రుతిలో, తరువాత మూడు ఫ్లాట్‌లు, రెండు షార్ప్‌లు, ఒక ఫ్లాట్, చివరకు ప్రభువు ప్రాణము విడిచిన వెంటనే ఏ గుర్తూ లేకుండా. ఇది కోరినదో కాకతాళీయమో ఎవరి అభిప్రాయము వారిది. నిర్దేశకునికి మాత్రము దీనివలన ప్రయోజనము ఉంది. అయిదింటినీ ఒకే వేగముతో, ఒకే బలముతో పాడించకూడదని ఈ వరుస ఆయనకు చెబుతుంది. దీనికి భిన్నముగా శతాధిపతి ఒప్పుకోలును రెండు బృందాలు కలిసి పాడే ఆ కొద్ది బార్లలో మంద్రస్వరాలు పద్నాలుగు ఉన్నాయని, బాఖ్ పేరులోని అక్షరాల విలువలను కూడితే పద్నాలుగు వస్తుందని కొందరు ఎంతో ఉత్సాహముగా రాస్తారు. ఉండవచ్చు. ఆ లెక్క తెలిసినందువలన ఒక్క స్వరమైనా మరొక విధముగా పాడబడదు గనుక దానిమీద మేము ఎక్కువ సిరా ఖర్చు చేయము.

జనసమూహము

పిలాతు ఎదుట గుంపు ఆయనను సిలువ వేయుమని రెండుసార్లు అరుస్తుంది. రెండుసార్లూ సంగీతము అదే, అయితే రెండవది ఒక పూర్తి స్వరము ఎత్తున ఉంది. ఆ రెండు కేకల మధ్య బాఖ్ ఏమి పెట్టాడో చూడాలి. మొదట ఒక కోరల్: కాపరి గొఱ్ఱెలకొరకు శ్రమపడడము, యజమాని దాసుల అప్పు తీర్చడము ఎంత వింత శిక్ష అని సంఘము ఆశ్చర్యపడుతుంది. తరువాత ఈయన చేసిన కీడు ఏమిటని పిలాతు అడుగుతాడు. గుంపు జవాబు చెప్పకముందే సోప్రానో గాయని జవాబు చెబుతుంది: గుడ్డివారికి చూపు, కుంటివారికి నడక, అందరికీ మేలు. ఆపై ఆమె పాడే ఆరియాలో ఆధారవాద్యాలే లేవు. ఆర్గన్ లేదు, చెల్లో లేదు. ఒక ఫ్లూట్, ఓబో ద కాచా అనే రెండు గంభీర ఓబోలు, ఒక స్త్రీ గొంతు. కాళ్ల కింద నేల తీసివేసినట్లు ఉంటుంది. పాపమెరుగని ప్రభువు ప్రేమవలననే చనిపోతున్నాడని ఆ మాటల సారాంశము. ఆ మౌనములోకి రెండవ కేక, మరింత ఎత్తున, వచ్చి పడుతుంది.

1829 మార్చి 11న, ఇరువది ఏండ్ల ఫెలిక్స్ మెండెల్సన్ బెర్లిన్‌లో ఈ కృతిని నడిపించి దానికి పునర్జీవము ఇచ్చాడు. ఆ మేలును మరువలేము. అయితే నిడివికి భయపడి అతడు చాలా ఆరియాలనూ కొన్ని కోరల్‌లనూ తీసివేశాడు. తీసివేసినవి ఎక్కువగా ఒకే జాతివి: కథకు సంఘము, విశ్వాసి ఇచ్చే ప్రతిస్పందనలు. మిగిలినది కథ, గుంపు. నాటి శ్రోతలకు అది మహా నాటకముగా వినబడింది. కానీ ప్రతిస్పందన తగ్గినకొద్దీ నేరము గుంపుమీదనే నిలిచిపోతుంది. యూదుల జ్ఞాని మోసెస్ మెండెల్సన్ మనుమడైన నిర్దేశకుని చేతులలోనే ఇది జరిగిందన్నది చరిత్రలోని విచిత్రము. సమయము చాలదని నేటికీ ఆరియాలను కత్తిరించే నిర్దేశకులు ఈ ఫలితమును ఆలోచించాలి. మూడు గంటలు కూర్చోలేమనే సంఘానికి మొదటి భాగము మాత్రమే పూర్తిగా పాడి వినిపించడము అంతకంటే మేలు.

అన్నిటికంటే కష్టమైనది మత్తయి 27:25. ఆయన రక్తమును తమమీదికీ తమ పిల్లలమీదికీ రమ్మని ప్రజలందరూ చెప్పిన ఆ మాటను బాఖ్ రెండు బృందాలకూ ఇచ్చాడు. శతాబ్దాలపాటు యూదులను హింసించడానికి ఈ వచనమును సాధనము చేసుకున్నారు. 1543లో లూథర్ యూదులకు విరోధముగా రాసిన క్రూరమైన రాతలు ఆ పాపములో భాగమే. వాటిని అమెరికాలోని ఇవాంజెలికల్ లూథరన్ సంఘము 1994లో బహిరంగముగా నిరాకరించింది. యూదులందరిమీద ఆ నేరము మోపరాదని రెండవ వాటికన్ మహాసభ 1965లోనే ప్రకటించింది. ఇంత జరిగిన తరువాత ఈ బృందగానమును నిర్దేశకుడు ఏమి చేయాలి? ఈ వచనమును వదలివేయాలనేవారు ఉన్నారు. ఇది పాత కళాఖండమే గదా, ఉన్నది ఉన్నట్లు ఎంత ఉగ్రముగా పాడితే అంత బాగుంటుందనేవారూ ఉన్నారు.

ఈ రెండు మార్గాలూ మాకు సమ్మతము కావు. సువార్త వచనమును మింగివేసి సంఘము నిర్దోషి కాజాలదు. రెండవవారు స్కోరునే సరిగా చదవడము లేదు. ఆ కేక తరువాత ప్రభువును కొరడాలతో కొట్టించిన కథ రెండు మూడు వాక్యాలలో ముగిసి, ఆల్టో గాయని దేవుని కరుణను వేడుతూ ప్రవేశిస్తుంది. తంత్రులలో కొరడా దెబ్బల లయ. ఆమె హింసించేవారిని ఆపుమని బతిమాలుతుంది. అప్పుడు వచ్చే ఆరియాలో ఆ కొరడా లయే మెత్తబడి కన్నీటి లయగా సాగుతుంది. అరిచినవారిపై పగ తీర్చుకొనుమని స్కోరు ఎక్కడా అడగలేదు, ప్రతిసారీ తన హృదయమునే తెచ్చి ముందు పెట్టింది. లూథరే 1519లో క్రీస్తు శ్రమల ధ్యానమును గూర్చి చేసిన ప్రసంగములో, యూదులను, యూదాను తిట్టుకుంటూ శ్రమలను తలంచేవారిని గద్దించి, తన పాపమే ఆయనను సిలువ వేసిందని ఎరుగుటయే ధ్యానమని బోధించాడు. తాను ఆనాడు చెప్పినదానికి తరువాత లూథరే లోబడలేదు. బాఖ్ కూర్చిన ఈ అతుకులు 1519 నాటి లూథర్‌ను అనుసరించినవి.

కనుక నిర్దేశకుడు చేయవలసినది స్పష్టమే. గుంపు పాడే చోట గాయకులను పరాయివారిగా నటించనీయకూడదు. గరుకు గొంతులు, వికృతమైన ఉచ్చారణ పెట్టించడము కొందరికి అలవాటు. ఆ వేషము వేసిన క్షణమున అరిచేవారు వేరే జనమైపోతారు. శుద్ధమైన స్వరముతో, కోరల్ పాడిన గొంతుతోనే ఈ కేకను పాడిస్తే వినేవానికి ఎక్కువ భయము కలుగుతుంది. బరబ్బ పేరును రెండు బృందాలు ఒక్క వికృత స్వరమేళముతో అరిచే చోట కూడ బాఖ్ రాసిన స్వరాలే చాలు, దానికి అరుపు కలపనక్కరలేదు.

మన సంఘాలకు ఇది దూరపు విషయము కాదు. గుంటూరులో హేయర్ దొర 1842లో మొదలుపెట్టిన లూథరన్ పరిచర్యకు వారసులమైన మనము శుభ శుక్రవారమున ఏడు మాటల ఆరాధన జరుపుతాము. శ్రమల పాఠమును పాత్రలుగా పంచుకొని చదివే సంఘాలలో గుంపు మాటలు ఎవరికి ఇస్తారో గమనించండి. తరచుగా యౌవనస్థులకు ఇస్తారు, వారు సంతోషముగా గట్టిగా అరుస్తారు. పాస్టరుగారూ పెద్దలూ ఆ మాటలు పలకరు.

వేగము

ఇంతవరకు వేగమును గూర్చి రాయకపోవడము సంగీతజ్ఞులకు నచ్చకపోవచ్చు. ఆరంభ బృందగానమును ఓటో క్లెంపరర్ 1960వ దశకారంభపు రికార్డింగులో దాదాపు పన్నెండు నిమిషాలు నడిపించాడు. జాన్ ఎలియట్ గార్డినర్ 1980వ దశకపు చివరి రికార్డింగులో అదే ఏడు నిమిషాల చుట్టుపక్కల ముగుస్తుంది. ఒకటి సమాధి ఊరేగింపు, మరొకటి నాట్యమని తూలనాడుకోవడము పరిపాటి అయింది. స్కోరులో వేగసూచన లేదు. ఉన్నది పన్నెండు-ఎనిమిది తాళము, అడుగున కొట్టుకుంటూ కదలని ఒకే మంద్రస్వరము, సీయోను కుమార్తె పిలుపు, ఎవరిని, ఏలాగు, ఏమిటి, ఎక్కడికి అని రెండవ బృందము వేసే చిన్న చిన్న ప్రశ్నలు, వీటన్నిటి మీదుగా దేవుని గొఱ్ఱెపిల్లను గూర్చి విడిగా పాడే సోప్రానోల కోరల్. కృతి ఆరంభమే ప్రశ్న, జవాబు. పరీక్ష ఇదే: ఆ కోరల్ పాదమును సోప్రానోలు తొందర లేకుండా ఒక్క శ్వాసలో పాడగలగాలి, అదే వేగములో రెండవ బృందపు ఒక్క మాట ప్రశ్న నిజముగా ప్రశ్నవలె వినబడాలి. క్లెంపరర్ వేగములో ఆ ప్రశ్నలు విలాపములైపోయాయని మాకు అనిపిస్తుంది. గార్డినర్ వేగములో ప్రశ్నలు సజీవముగా ఉన్నాయి గాని మంద్రస్వరపు బరువు కొంత తగ్గింది. వీటి నడుమ తగిన వేగము ఆలయపు గోడలనుబట్టి, గాయకుల ఊపిరినిబట్టి నిర్దేశకుడే తెలుసుకోవాలి.

చివరి స్వరము

బాఖ్ కాలములో ఇది సాయంకాల ఆరాధనలో భాగము. రెండు భాగాల మధ్య ప్రసంగము ఉండేది. నేటి కచేరీశాలలో ఆ చోట కాఫీ విరామము ఉంది. దానిని మార్చడము నిర్దేశకుని చేతిలో ఉండకపోవచ్చు. కానీ మొదటి భాగపు ముగింపును, మానవుడు తన గొప్ప పాపము నిమిత్తము ఏడ్వవలెనని పిలిచే ఆ దీర్ఘ కోరల్‌ను, చప్పట్లు రాబట్టే ముగింపుగా సిద్ధపరచకుండా ఉండడము ఆయన చేతిలోనే ఉంది. 1736 సవరణలో బాఖ్ ఒక చిన్న కోరల్‌ను తొలగించి ఈ పెద్దదానిని అక్కడ ఉంచినది, వెంటనే ప్రసంగము రాబోతున్నదని తెలిసే.

కృతి చివర విశ్వాసులు సమాధి దగ్గర కూర్చుండి కన్నీటితో ప్రభువుకు విశ్రాంతి పలుకుతారు. ఆఖరి స్వరమేళములో కొన్ని వాద్యాలు పైశ్రుతికి అర స్వరము కింద, అపస్వరము మీద నిలిచి, ఆ తరువాతనే స్థిమితపడతాయి. మంద్రస్వరము అప్పటికే ఇల్లు చేరి ఉంది, పైవారు ఇంకా చేరలేదు. ఆ అపస్వరమును ఎంతసేపు నిలపాలో ఏ ముద్రణలోనూ లేదు. లైప్జిగ్‌లో ఆ తరువాత నీతిమంతుని మరణమును గూర్చిన పాత లాటిన్ గీతము, ప్రార్థన, ఆశీర్వాదము, చివరకు సంఘమంతా కలిసి పాడే కృతజ్ఞతా కీర్తన ఉండేవి. చప్పట్లకు తావు లేదు. కచేరీశాలలో పాడించే నిర్దేశకునికి ఆ కీర్తన లేదు గనుక, చివరి స్వరము ఆగిన తరువాత తన చేతులను ఎంతసేపు పైననే ఉంచాలో కూడ ఆయన స్కోరు అంచున పెన్సిలుతో రాసుకోవలసి ఉంటుంది.